చేయి ఆగే చోటు



ఈ మాటలు వింటున్న చోట మీ ముందు బల్ల ఉంటే కుడిచేయి దాని మీద పెట్టండి. బల్ల లేకపోతే తొడ మీదైనా సరే. అరచేయి పైకి తిప్పండి. ఎడమచేతి రెండు వేళ్ళతో కుడి మణికట్టు మీద, అడ్డంగా గీతలు కనిపించే చోట, మెల్లగా నొక్కి పట్టుకోండి. అలా పట్టుకునే కుడిచేతి వేళ్ళు ఒకటొకటిగా ముడవండి, చాపండి. చర్మం కింద తాళ్ళు జారుతున్నట్టు తెలుస్తోందా? వేళ్ళను ఆడించే పెద్ద కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. వాటికీ వేళ్ళకీ మధ్య ఈ తాళ్ళే. మీరు టైప్ చేసే ప్రతి అక్షరానికీ అవి అక్కడ కాస్త ముందుకి, కాస్త వెనక్కి జారుతూనే ఉంటాయి.

ఇప్పుడు ఇంకొంచెం గట్టిగా నొక్కి, వేళ్ళు మళ్ళీ ఆడించండి. ఎక్కడో పట్టేసినట్టు ఇబ్బందిగా ఉంటుంది. ఇక చాలు, వదిలేయండి. మనలో చాలామంది ఆఫీసుల్లో రోజంతా చేతులకి చేస్తున్నది సరిగ్గా ఇదే. అదీ హాయి కోసమని డబ్బు పెట్టి కొనుక్కున్న మెత్తటి దిండు మీద.

కీబోర్డు ముందు పెట్టుకునే ఆ దిండుని షాపుల్లో రిస్ట్ రెస్ట్ అంటారు, కొందరు పామ్ రెస్ట్ అంటారు. రెండో పేరే నిజమైన పేరు. రిస్ట్ అంటే మణికట్టు, పామ్ అంటే అరచేయి. ఆ దిండు మీద ఆనాల్సింది అరచేతి మొదలు, మణికట్టు కాదు. అదైనా టైప్ చేస్తున్నంతసేపూ కాదు. వేళ్ళు ఆడుతున్నప్పుడు చేయి తేలికగా గాల్లో ఉండాలి. చదువుకోడానికో, ఆలోచించుకోడానికో, ఫోనులో మాట్లాడటానికో వేళ్ళు ఆగినప్పుడు చేయి వచ్చి వాలే చోటు అది. నేనివాళ చెప్పడానికి వచ్చింది ముఖ్యంగా ఈ మాటే. ఎంత ఎత్తుది కొనాలి, ఏ సరుకుది కొనాలి అన్నవన్నీ దీని వెనకే వస్తాయి.

నేను టైపు నేర్చుకున్నది తెనాలిలో. అప్పట్లో పదో తరగతి పరీక్షలు అవగానే పిల్లలం టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరేవాళ్ళం. నాది పొద్దున ఆరింటి బ్యాచ్. రెండు వరసల్లో రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్లు. మొదటి వారమంతా ఏ-ఎస్-డి-ఎఫ్-జి-ఎఫ్, సెమికోలన్-ఎల్-కె-జె-హెచ్-జె. ఒక కాగితం నిండితే ఇంకో కాగితం. మా మాస్టారి చేతిలో ఒక చెక్క స్కేలు ఉండేది. దానితో ఎవర్నీ కొట్టిన గుర్తు లేదు. మేం టైపు కొడుతుంటే పక్కన వచ్చి నిలబడి, ఆ స్కేలుని మా మణికట్ల కింద నుంచి మెల్లగా పోనిచ్చేవారు. అది ఎక్కడా తగలకుండా అటుపక్కకి రావాలి. తగిలిందంటే "చేయి దించావమ్మా, ఎత్తు" అనేవారు. కారణం చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ కారణం నాకు తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

టైపు మిషను మీద నిజానికి చేయి ఆనించి కొట్టడం కుదరదు. మీటలు మెట్లలా నాలుగు వరసలు, ఒకదానికంటే ఒకటి ఎత్తు. ప్రతి మీటా లోతుగా దిగాలి. లైను చివరికి వస్తుంటే గంట మోగేది. మోగగానే ఎడమచేయి మీటలు వదిలి, లివరు అందుకుని, క్యారేజీని వెనక్కి నెట్టాలి. పేజీ అయిపోతే కాగితం లాగాలి, కార్బన్ సర్దాలి, కొత్త కాగితం ఎక్కించి రోలరు తిప్పాలి. తప్పు పడితే రబ్బరు అందుకోవాలి. అంటే లైను లైనుకీ ఒక చేతికి వేరే పని, పేజీ పేజీకీ రెండు చేతులకీ విడుపు. ఆ మిషన్లు చాకిరీ చేయించేవి, కాదనను. కానీ చేతిని ఒకే భంగిమలో కట్టిపడేసేవి కావు. కంప్యూటరు వచ్చి గంట తీసేసింది, లివరు తీసేసింది. లైను దానంతటదే తిరుగుతుంది, పేజీ దానంతటదే మారుతుంది, మీట మీద వేలు పెడితే చాలు. చేయి కీబోర్డుని వదలాల్సిన అవసరమే లేకుండా పోయింది. ఎత్తి పట్టిన చేయి గంటల తరబడి నిలవదు, ఎక్కడో ఒకచోట వాలుతుంది. వాలడానికి దగ్గరగా దొరికేది బల్ల అంచు. ఆ అంచు ఒరుసుకుంటోందని దిండు వచ్చింది. దిండు రావడం తప్పు కాదు. వచ్చాక మనం చేతిని దాని మీద వాల్చేసి, ఎత్తడం మరిచిపోయాం.

తర్వాత నేను విజయవాడలో డి.టి.పి. పనికి కుదిరాను. జూన్ దగ్గర పడుతుందంటే గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు వచ్చి పడేవి. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేవడం. మణికట్టు దగ్గర బల్ల అంచు ఎర్రగా గీత పడేలా గుచ్చుకుంటోందని ఒక జెల్ దిండు కొన్నాను. నీలం రంగుది, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చేది. మొదటి వారం ప్రాణం లేచొచ్చింది. రెండు మూడు నెలలు గడిచాక అర్ధరాత్రి మెలకువ వచ్చేది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చీమలు పాకుతున్నట్టు. చేయి జాడిస్తే తగ్గేది. పొద్దున చీర కుచ్చిళ్ళకి పిన్నీసు పెట్టుకుంటుంటే చేతిలోంచి జారిపోయేది. డాక్టరుగారు చేయి తిప్పి చూసి, నేను ఎలా టైప్ చేస్తానో ఆయన బల్ల మీదే చేసి చూపించమన్నారు. చూపించాను. ఆయన నా మణికట్టు కింద చూపుడువేలు పెట్టి, "ఇక్కడ నొక్కుతున్నావు, రోజంతా" అన్నారు. మాస్టారి స్కేలు గుర్తొచ్చింది.

మీరు ఇందాక నొక్కి చూసిన చోటికి కాస్త ముందు, అరచేతి మొదట్లో, చిన్న చిన్న ఎముకలు ఎనిమిది ఒక కాలవలా అమరి ఉంటాయి. ఆ కాలవకి పైకప్పులా గట్టి పట్టీ ఒకటి. ఆ సొరంగంలోంచి వేళ్ళను ముడిచే తాళ్ళు తొమ్మిది, వాటితో పాటు ఒక నరం అరచేతిలోకి వెళ్తాయి. డాక్టర్లు కార్పల్ టన్నెల్ అనేది దాన్నే. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి, ఉంగరపువేలిలో సగానికి స్పర్శ ఇచ్చేది ఆ నరమే. ఎముక, గట్టి పట్టీ సాగేవి కావు. చేయి వెనక్కి విరిచినా, ముందుకి వంచినా, బయట నుంచి నొక్కినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. తాళ్ళు తట్టుకుంటాయి, నరం నలుగుతుంది. అరచేయి చూసుకోండి. బొటనవేలి కింద ఒక దిబ్బ, చిటికెనవేలి కింద ఒక దిబ్బ, రెండింటి మధ్య చిన్న లోయ కనిపిస్తాయి. ఆ లోయ కిందే సొరంగం. దిండు మీద చేయి వాల్చినప్పుడు బరువు రెండు దిబ్బల మీద పడాలి, లోయ మీద పడకూడదు. సన్నటి దిండు కొంటే అది తిన్నగా లోయలోకి, లేదంటే మణికట్టు మీదకి వస్తుంది.

టైపింగ్ ఒక్కటే ఈ జబ్బు తెస్తుందని నేను అనడం లేదు. గట్టిగా బిగించి పట్టుకునే పనులు, అదిరే యంత్రాలతో చేసే పనులు ఇంతకంటే ఎక్కువగా తెస్తాయి. చక్కెర జబ్బు, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ఇది త్వరగా వస్తుంది. మన దగ్గర షుగరు, థైరాయిడ్ ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. అందుకని రాత్రుళ్ళు తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా దిండు మార్చి చూద్దామని ఆగకండి, డాక్టరుకి చూపించండి. నాకు రాత్రిపూట మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ ఇచ్చారు, పని తగ్గించమన్నారు. మూడు నెలలకి నెమ్మదించింది. ఏ దిండూ ఆ పని చేసి ఉండేది కాదు.

రాతపని చేసేవాళ్ళ బాధలు కొత్తవేం కావు. బెర్నార్డినో రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు, వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద తాను రాసిన పుస్తకానికి 1713 నాటి ముద్రణలో లేఖకుల మీద ఒక అధ్యాయం చేర్చాడు. వాళ్ళ బాధలకి ఆయన చూపిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చేయి ఎడతెగకుండా ఒకే తీరున కదలడం, ఎక్కడ తప్పు పోతుందోనని మనసు బిగబట్టి ఉండటం. అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది పక్షి ఈక కలం. మన మీసేవ కేంద్రంలో కూర్చున్న ఆపరేటరుని ఒక గంట గమనించండి, ఆ మూడూ కనిపిస్తాయి.

ఇప్పుడు దిండు సంగతి. కొనే ముందు చూసుకోవాల్సింది దిండుని కాదు, కుర్చీని. ఈ మధ్య మా చుట్టాలమ్మాయి, ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తుంది, ఫోను చేసి "పిన్నీ, దిండు కొన్నా నొప్పి తగ్గలేదు" అంది. ఒకరోజు అటుగా వెళ్ళి చూశాను. బల్ల రెండున్నర అడుగుల ఎత్తుది, ఫైళ్ళు రాసుకోడానికి చేయించిన బల్ల. కుర్చీ ప్లాస్టిక్‌ది, ఎక్కదు, దిగదు. అమ్మాయి అయిదడుగుల పొడుగు. కూర్చుంటే మోచేతులు బల్లకంటే కిందే ఉన్నాయి. దాంతో భుజాలు చెవుల దగ్గరికి ఎగదీసి, ముంజేతులు పైకి ఏటవాలుగా పెట్టి, మణికట్ల దగ్గర చేతులు వెనక్కి విరిచి కొడుతోంది. అది చాలదన్నట్టు కీబోర్డు వెనకవైపు రెండు చిన్న కాళ్ళు లేపి పెట్టి ఉన్నాయి. దాని ముందు కీబోర్డుకంటే అరంగుళం ఎత్తున్న స్పాంజి దిండు.

"ముందు ఆ కాళ్ళు మడిచెయ్యి" అన్నాను.

"అవి లేపితేనే అక్షరాలు బాగా కనిపిస్తాయి పిన్నీ."

"నువ్వు మీటలు చూసి కొడుతున్నావా?"

"లేదు."

"మరింకేం?"

మడిచింది. కుర్చీలో నాలుగు మడతలు వేసిన దుప్పటి వేశాం. మోచేయి బల్ల ఎత్తుకి వచ్చింది. అప్పుడు పాదాలు నేలకి అందలేదు. ఆయా దగ్గరున్న చెక్కపీట అడిగి తెచ్చి కాళ్ళ కింద పెట్టాం. స్పాంజి దిండు సొరుగులో పడేశాం. ఒక్క పైసా ఖర్చు కాలేదు. పది రోజుల తర్వాత తనే ఫోను చేసి, భుజం నొప్పి కూడా పోయిందని చెప్పింది. భుజం నొప్పి ఉన్నట్టు అంతకుముందు చెప్పనేలేదు. అది మామూలే అనుకుందట.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. భుజాలు వదులుగా దించి కూర్చుంటే మోచేతులు కీబోర్డు ఎత్తుకి రావాలి. రాకపోతే కుర్చీ ఎత్తండి, కాళ్ళ కింద పీట వేయండి. కీబోర్డు వెనక కాళ్ళు మడవండి. ముంజేయి, మణికట్టు, చేతి వెనకభాగం ఒకే గీత మీద ఉన్నాయేమో పక్కవాళ్ళని చూడమనండి. స్కేలు అడ్డంగా పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఇదంతా అయ్యాక, చేతులు ఆగినప్పుడు ఇంకా ఎక్కడైనా అంచు గుచ్చుకుంటుంటే అప్పుడు దిండు గురించి ఆలోచించండి. ఇంతటితోనే చాలామందికి దాని అవసరం ఉండదు. ముందు అంచు పలచగా, సెంటీమీటరు కూడా లేని కీబోర్డులైతే అసలు అక్కర్లేదు. వాటి ముందు దిండు పెడితే చేయి కిందకి వంగి కొత్త ఇబ్బంది.

ఇంకా కావాలనిపించినా వెంటనే షాపుకి వెళ్ళొద్దు. ఇంట్లో పాత నూలు తువ్వాలు తీసుకోండి. పొడుగ్గా మడతలు పెట్టి, కీబోర్డు ముందు అంచుతో సమానంగా ఎత్తు వచ్చేలా సర్ది, రెండువైపులా రబ్బరు బ్యాండ్లు వేయండి. ఒక వారం దానితో పనిచేయండి. ఒక మడత తీసి చూడండి, ఒక మడత కలిపి చూడండి. వారం అయ్యేసరికి మీకు ఎంత ఎత్తు కావాలో, ఎంత వెడల్పు కావాలో, అసలు కావాలో వద్దో మీ చేతికే తెలిసిపోతుంది. అప్పుడు స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ చీటీ పట్టుకుని షాపుకి వెళ్ళండి.

దిండు ఎత్తు కీబోర్డు ముందు అంచుని మించకూడదు. మామూలు ఆఫీసు కీబోర్డులకి ఆ అంచు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఉంటుంది. ఈ మధ్య కుర్రాళ్ళు ఇష్టపడుతున్న మెకానికల్ కీబోర్డులు ఇంతకంటే ఎత్తు. దిండు అవసరం నిజంగా ఎక్కువ వాటికే. మెత్తటి దిండైతే చేయి వాల్చగానే కొంచెం కుంగుతుంది, కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువున్నా పర్లేదు. చెక్కదైతే కచ్చితంగా కొలిచినంతే ఉండాలి. వెడల్పు దగ్గర రాజీ పడొద్దు. అమెరికాలో పనిచేసేవాళ్ళ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా, దిండు కనీసం ఒకటిన్నర అంగుళం వెడల్పు ఉండాలని చెబుతుంది. అంటే రెండు వేళ్ళు. నన్నడిగితే బెత్తెడు ఉండాలంటాను. మన పెద్దవాళ్ళ బెత్త, నాలుగు వేళ్ళు కలిపిన వెడల్పు, మీ సొంత చేతి కొలత. అంత ఉంటే రెండు దిబ్బలూ హాయిగా కూర్చుంటాయి. పొడవు కీబోర్డుని బట్టి. పక్కన అంకెల మీటలున్న పెద్ద కీబోర్డు దాదాపు మూరెడు ఉంటుంది. అంకెలు లేనిది జానన్నరకి కాస్త పైన. అంచులు గుండ్రంగా ఉండాలి, అడుగున జారని రబ్బరు ఉండాలి. కీబోర్డు లాగుడు పలక మీద ఉంటే ఆ పలకలో దిండుకి చోటుందో లేదో ముందే చూసుకోండి. సగం దిండు బయటికి వేలాడితే మణికట్టు మళ్ళీ అంచు మీదకే వస్తుంది.

సరుకు విషయంలో మన వాతావరణం మరవకూడదు. మెమొరీ ఫోమ్ అని అమ్మేది వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. ఏసీ గట్టిగా వేసే ఆఫీసులో పొద్దున్నే అది చెక్కలా ఉంటుంది. ఏసీ లేని ఆఫీసులో మే నెల మధ్యాహ్నం చేయి పెడితే అడుగు దాకా దిగిపోతుంది. జెల్ చల్లగా ఉంటుంది, కానీ మరీ మెత్తటి జెల్ చేతి కింద నుంచి పక్కకి తప్పుకుని లోయలోకి ఉబుకుతుంది. నాకు జరిగింది అదే అనుకుంటాను. పైన తోలులా కనిపించే రెగ్జిన్ తొడుగు మన చెమటకి, కోస్తా ఉక్కకి ఏడాది రెండేళ్ళలో పొరలు పొరలుగా ఊడుతుంది. తీసి ఉతుక్కునే నూలు తొడుగు ఉన్నది దొరికితే అది మేలు. దొరక్కపోతే దర్జీకి చెప్పి కుట్టించుకోండి. చేతి జిడ్డు, చెమట రోజూ అంటుకునే వస్తువు, వారానికోసారైనా ఉతకాలి.

మెత్తగా ఉన్నదే మంచిదన్న భ్రమ చాలామందికి ఉంది. నేను పదేళ్ళుగా వాడుతున్నది చెక్క. పాత తలుపు తాలూకు టేకు ముక్క, వడ్రంగి చేత కీబోర్డు పొడవుకి కోయించి, బెత్తెడు వెడల్పు, ముందువైపు కొంచెం ఏటవాలుగా చిత్రిక పట్టించి, అంచులు గుండ్రం చేయించాను. గరుకు కాగితంతో రుద్ది కొబ్బరినూనె పూశాను. చెక్క చేతిని లోపలికి లాక్కోదు. వేళ్ళు ఆగినప్పుడు అరచేయి వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ టైప్ చేయాలనుకోగానే తేలిగ్గా లేస్తుంది. మెత్తటి దిండు మీద నుంచి చేయి లేవడానికి బద్ధకిస్తుంది, చెక్క మీద బద్ధకించదు. ఎముకలు తేలిన సన్నటి చేతులవాళ్ళకి మాత్రం చెక్క గుచ్చుకుంటుంది. వాళ్ళకి నేను చెప్పేది ఆవాల సంచి.

పసిపిల్లల తల గుండ్రంగా రావాలని మన ఇళ్ళల్లో ఆవాల దిండు కుడతారు కదా. అదే పద్ధతి. దగ్గరగా నేసిన మెత్తటి నూలు గుడ్డతో పొడవాటి సంచి కుట్టి, మధ్యలో రెండు మూడు చోట్ల అడ్డకుట్లు వేసి, ప్రతి అరలోనూ ముప్పావు వంతు ఆవాలు పోయాలి. నిండా పోస్తే రాయిలా అవుతుంది. చేయి పెడితే గింజలు పక్కకి జరిగి రెండు దిబ్బలకీ గుంటలు చేసి పెడతాయి. గాలి ఆడుతుంది, చెమట పట్టదు. అడుగున జారకుండా చిన్న రబ్బరు చాప వేసుకోండి. అప్పుడప్పుడు ఎండలో పెట్టండి. షాపుల్లో ప్లాస్టిక్ పూసలు నింపి అమ్మేవి ఉన్నాయి, అవీ ఇలాగే పనిచేస్తాయి.

కొనుక్కోవాలనుకునేవాళ్ళకి ఒక మాట. సికింద్రాబాద్ సి.టి.సి.లాంటి కంప్యూటరు సామాన్ల బజార్లకి వెళ్ళగలిగితే వెళ్ళి, మీ చీటీలో కొలతలతో పోల్చి, బొటనవేలితో నొక్కి చూడండి. వేలు అడుగుని తాకిందంటే అది వద్దు. ఆన్‌లైన్‌లో కొంటే బొమ్మ కింద ఇచ్చిన ఎత్తు, వెడల్పు మిల్లీమీటర్లలో చూడండి. ఎత్తు రాయని సరుకు కొనకండి.

ల్యాప్‌టాపు వాడేవాళ్ళకి ముందు అంచులోనే అరచేతికి చోటుంది. 1991లో ఆపిల్ పవర్‌బుక్ మీటల్ని తెరవైపుకి జరిపి ముందు ఖాళీ వదిలింది, ఆ అమరికే తర్వాత అందరిదీ అయింది. అక్కడ వేరే దిండు అక్కర్లేదు. మౌస్ సంగతి మాత్రం పట్టించుకోండి. మౌస్ చాపకి అతికించి వచ్చే జెల్ బుడిపె కూడా హాని చేయొచ్చు. మణికట్టుని దాని మీద పాతేసి చేతిని అటూ ఇటూ తిప్పుతాం. మౌస్ మోచేతి నుంచి కదలాలి.

తెలుగులో టైప్ చేసేవాళ్ళకి ఇంకో సంగతి. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. పొల్లు ఎడమచేతి మధ్యవేలి కింద, డి మీట మీద. ఖ, ఘ, ఛ లాంటి ఒత్తు అక్షరం రావాలంటే షిఫ్ట్ నొక్కాలి, అంటే చిటికెనవేలు సాగాలి. "ముఖ్యం" అన్న చిన్న మాటకి ఆరు మీటలు, పైన ఒక షిఫ్ట్. అరచేతిని దిండు మీద అతికించి ఉంచి చిటికెనవేలితో షిఫ్ట్ అందుకోబోతే మణికట్టు పక్కకి వంగుతుంది. రోజులో ఎన్నోసార్లు అలా వంగుతుంది. చేయి గాల్లో ఉంటే మొత్తం చేయే అటు జరుగుతుంది, మణికట్టు తిన్నగానే ఉంటుంది. మన భాష టైప్ చేసేవాళ్ళకి మాస్టారి స్కేలు ఇంగ్లీషువాళ్ళకంటే ఎక్కువ అవసరం.

ఆఫీసులు నడిపే పెద్దలకి ఒక విన్నపం. సిబ్బందికి ఏదైనా చేద్దామని మీరు అనుకుంటే దిండ్లు టోకున కొని పంచొద్దు. ఎత్తు సరిచేసుకునే కుర్చీలు ఇప్పించండి, పొట్టిగా ఉన్నవాళ్ళకి కాళ్ళ కింద పీటలు ఇప్పించండి. గంటకోసారి అయిదు నిమిషాలు లేచి నడిస్తే పని ఎగ్గొడుతున్నారని అనుకోకండి. ఆ అయిదు నిమిషాలూ ఒకప్పుడు టైపు మిషనే ఇచ్చేది.

రేపు మీ సీట్లో కూర్చోగానే కీబోర్డుని బోర్లా తిప్పి, వెనక కాళ్ళు లేచి ఉంటే మడిచేయండి. పక్క సీట్లో వాళ్ళవీ మడవండి.